తవుడిచ్చి కొన్న బిడ్డకు నెల ఖర్చు

పదింబావయింది. పదకొండుకు రామకృష్ణ సార్ ఫోన్ చేస్తాడు, ఒకటో తేదీ నుంచి వస్తావా రావా తేల్చి చెప్పమంటాడు, రాకుంటే ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉందంటాడు. అనే హక్కు ఆయనకుంది, నాలుగు నెలలుగా నూనె మిల్లులో నా బిల్లుల కుర్చీ ఖాళీగా పెట్టి చూస్తున్నాడు. అంటే ముప్పావు గంటలో నేను లెక్క తేల్చాలి. క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి వెనకవైపు గీతలు కొట్టుకున్నాను, పెన్నుంది, ఫోను చేతికందేంత దూరంలో ఉంది, లేనిదల్లా కదిలే వీలు. గోడకు ఆనుకుని చాచిన నా కాళ్ళ మీద బిడ్డ నిద్రపోతోంది. నిన్న బుధవారం కల్లూరు ఆస్పత్రిలో టీకాలు వేయించాను, మూడో విడత, రెండు తొడలకూ సూదులు పడ్డాయి, ఒళ్ళు కాలిపోయి పొద్దున్నే కాస్త చల్లబడింది. నేను కదిలితే తను లేస్తుంది, లేస్తే ఏడుస్తుంది, ఏడిస్తే లెక్క పోతుంది, లెక్క పోతే ఉద్యోగం పోతుంది. ఒక మనిషి ఉద్యోగం ఇంకో మనిషి నిద్ర మీద ఇంతగా ఆధారపడి ఉంటుందని బీకాంలో ఎవరూ చెప్పలేదు.

రాత్రికొకటి, బయటికి పోయినప్పుడొకటి, నెలకు నలభై డైపర్లు, ఒక్కోటి పదకొండు, నాలుగు వందల నలభై. సబ్బు, నూనె, పౌడరు మూడు వందల యాభై. కడుపునొప్పి చుక్కలు, జ్వరం మందు రెండు వందల యాభై. నెలకోసారి డాక్టరమ్మకు చూపిస్తే మూడు వందలు, టీకాలు ఉచితం గానీ అక్కడికి పోయే ఆటో ఉచితం కాదు, నూట ఇరవై. దోమల మందు డెబ్బై అయిదు. తన గుడ్డలు ఉతికే సబ్బుకూ, తన నీళ్ళు కాచే కరెంటుకూ రెండు వందలు. బట్టలు మూడు వందలు, ఇవి ఎందుకంటే పోయిన నెల కుట్టించిన జుబ్బా ఈ నెల మెడ దిగడం లేదు. మొత్తం రెండు వేల ముప్పై అయిదు. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే. ఐదు కిలోల ఎనిమిది వందల గ్రాములుంది నిన్నటి కాటాలో, అంటే కిలోకు ఎంత పడింది, చేతికి అలవాటు కదా, భాగించేశాను, మూడు వందల యాభై ఒకటి. మిల్లులో కిలో వేరుశెనగ నూనె కంటే ఎక్కువే. భాగించాక భయం వేసింది. బిడ్డను కిలోల్లో లెక్కగట్టే తల్లి ఉంటుందా, దిష్టి తగలదూ, ఆ అంకెను ఐదారు గీతలు కొట్టి కనపడకుండా చేశాను. అయినా కనపడుతూనే ఉంది, నేను రాసే అంకెలు గట్టిగా అచ్చు పడతాయని మిల్లులో అందరూ అంటారు.

ఇలాంటి కాగితం ఒకటి రెండేళ్ళ కింద కూడా రాశాం. అప్పుడు రాసింది మా ఆయన రామాంజి, నేను చెబుతుంటే. అప్పుడు మాకు కొత్త, ఏడో నెల నిండకుండానే ఇద్దరం కూర్చుని ఉయ్యాలకింత, దోమతెరకింత, స్వెట్టరుకింత అని రాసి, రాసి ఊరుకోకుండా కర్నూలు పాతబస్తీకి పోయి కొనుక్కొచ్చాం. మా అత్త రామేశ్వరమ్మ కోసిగి పక్క పల్లె నుంచి వచ్చి ఆ ఉయ్యాలను చూసి నవ్వలేక నవ్వి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది మీ పని అంది. ఆలు ఉంది, చూలూ ఉంది, కొడుకే నిలవలేదు. తొమ్మిది రోజులు ఉన్నాడు. తొమ్మిది రోజుల వాడికి ఏమీ ఖర్చు కాలేదు, స్వెట్టరు చుట్టిన కవరు కూడా విప్పలేదు. వాడి కాగితం ఏమైందో నాకు తెలియదు, రామాంజి ఎక్కడో దాచి ఉంటాడు, లేదా చింపి ఉంటాడు, అడగాలని ఎన్నోసార్లు అనిపించింది, ఒక్కసారీ అడగలేదు. ఈసారి కాన్పు అయ్యేదాకా ఒక్క జుబ్బా కూడా కొననివ్వలేదు అత్త. ఈ మూడున్నర నెలలూ ఒక్క అంకె రాయలేదు నేను. ఇదే మొదలు.

కొననివ్వలేదు అన్నాను గానీ, అసలు అమ్మేశాం కదా. నేను కడప వైపు పిల్లను, కమలాపురంలో పుట్టి పెరిగినదాన్ని, మా ఇంట్లో నేనెప్పుడూ ఈ వాడుక చూడలేదు, అందుకని ఆ రోజు ఏడవాలో నవ్వాలో తెలియక కళ్ళు పెద్దవి చేసుకుని చూశానంతే. పదకొండో రోజు పొద్దున్నే అత్త బిడ్డను చేటలో పడుకోబెట్టి మా వీధి చివర గోపన్న బర్రెల కొట్టం వెనక పేడదిబ్బ అంచున పెట్టింది. దిబ్బను ఈ పక్క తిప్ప అంటారు. పక్కింటి హంపమ్మ ఏమీ తెలియనట్టు అటుగా వచ్చింది. ఆమెనే ఎందుకంటే నలుగుర్ని కనింది, నలుగురూ నిలిచారు, అలాంటి చెయ్యి కావాలట. ఎవరి బిడ్డమ్మా ఇది అంది హంపమ్మ. ఏమో, మాకొద్దు, నువ్వు కావాలంటే కొనుక్కో అంది అత్త. బేరం జరిగింది, నిజంగానే జరిగింది, అత్త నాలుగు శేర్లంటే హంపమ్మ రెండంది, చివరికి మూడు శేర్ల తవుడుకు తెగింది. హంపమ్మ బిడ్డను ఎత్తుకుని తన కొంగు చింపి కప్పి, దీని పేరు తిప్పమ్మ అంది. ఆ తవుడు గోపన్న బర్రెలు తిన్నాయి. ఏడాది నిండి, పుట్టెంట్రుకలు తీయించి, మళ్ళీ తవుడు కొలిచి మేము వెనక్కి కొనుక్కునేదాకా బిడ్డ హంపమ్మది. పోయినవాడి మీద కన్నేసిందేదో మళ్ళీ మా గడప తొక్కితే, ఇది ఈ ఇంటి బిడ్డ కాదని మోసపోయి పోవాలి. నా సందేహం ఏమిటంటే, అంత తేలిగ్గా మోసపోయేదైతే అది మా వాణ్ణి ఎలా కనుక్కుంది. ఈ మాట అత్తను అడిగాను కూడా. నీకు శానా డౌట్లుండాయి సుప్రజా, బిడ్డ బతికితే చాలు గదా అంది. అవును, చాలు.

కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. తిమ్మిరి మడమ నుంచి పైకి వస్తుందా, మోకాలి నుంచి కిందికి దిగుతుందా, చూద్దామని కాసేపు గమనించాను, రెండూ కాదు, మధ్యలో పుడుతోంది. బిడ్డ పెదవులు నిద్రలో చప్పరిస్తున్నాయి, పాలు కలలో కూడా తాగుతుంది కాబోలు. పాలు. కాగితంలో పాల గడి లేదు. ఎందుకు లేదంటే అవి కొనడం లేదు కాబట్టి, ఎందుకు కొనడం లేదంటే నేనిక్కడ కూర్చున్నాను కాబట్టి, నేను మిల్లుకు పోయిన రోజు నుంచి పగటి పాలకు డబ్బాలు కావాలి, నెలకు నాలుగు, ఒక్కోటి నాలుగు వందల యాభై, పద్దెనిమిది వందలు. అంటే ఇన్నాళ్ళూ నేను నెలకు పద్దెనిమిది వందలు సంపాదిస్తున్నానా, రాత్రి పాలు కూడా కలిపితే మూడు వేలు దాటుతుంది, కాన్పైన రోజు నుంచి లెక్క వేస్తే పదివేలు దాటింది, ఎవరూ రసీదు ఇవ్వలేదు. మిల్లులో గింజ నుంచి నూనె తీసినా పశువులకు పెట్టే చెక్క మిగులుతుంది, దానికీ ధర ఉంది, బిల్లు నేనే రాస్తాను. నా దగ్గర మాత్రం నూనెకూ ధర లేదు, చెక్కకూ లేదు. ఇది తలుచుకుంటే కోపం రావాలి గానీ నాకు ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది, ఇన్ని తరాల ఆడవాళ్ళు ఇంత పెద్ద పద్దును ఎవరి పుస్తకంలోనూ రాయకుండా ఎలా నడిపారా అని.

సరే, రెండో గీత. జీతం పన్నెండు వేలు. అందులో పాల డబ్బాలు పద్దెనిమిది వందలు పోతాయి. మిల్లుకు షేరాటో పోనూ రానూ నలభై, ఇరవై ఆరు రోజులు, వెయ్యిన్నీ నలభై. పసిపిల్లల్ని పగలు చూసుకునే చోటు కొత్త బస్టాండు పక్క సందులో ఒకటుంది, నాలుగున్నర వేలు అడిగారు, పోయి చూసొచ్చాను, శుభ్రంగానే ఉంది, పన్నెండు మంది పిల్లలు, ఇద్దరు ఆయాలు, గోడ మీద ఏనుగు బొమ్మ. అక్కడికి పోనూ రానూ ఇంకో ఆటో ఉందనేది తర్వాత సంగతి. అన్నీ తీసేస్తే నాలుగు వేల ఆరు వందల అరవై. బిడ్డ ఖర్చు అందులోంచే తీస్తే రెండు వేల ఆరు వందల ఇరవై అయిదు. నిన్న ఫోన్లో రామాంజికి ఈ అంకె చెప్పాను. తుమ్మలపల్లె గని దగ్గర కాంట్రాక్టు టిప్పరు తోలుతాడు, పద్దెనిమిది వేలు వస్తే అక్కడ గదికీ తిండికీ పోను పదకొండు పంపిస్తాడు, అందులో ఇంటి బాడుగే నాలుగున్నర. పెళ్ళయి మా జిల్లా పిల్ల తన ఊరికి వస్తే, తను పోయి మా జిల్లాలో పడ్డాడు, ఇదొక వింత. రెండు వేల ఆరొందలకు బిడ్డను ఇడిసిపెట్టి పోతావా సుప్రజా అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. మా అమ్మ ఓబులమ్మ దగ్గర ఈ తిప్పలేమీ లేవు, కమలాపురం తీసుకొచ్చి ఈడ ఇడిసిపెట్టి పోమ్మే, ఏడాదికి నడిచే బిడ్డనిస్తా అంటుంది. ఇస్తుంది. నేను వారానికోసారి పోయి, నన్ను గుర్తుపట్టని బిడ్డను చూసి వస్తాను. అత్త వచ్చి ఉంటుందా అంటే మిరపకోతల కాలం, రోజుకు నాలుగు వందల కూలి, ఆ కూలితోనే మామకు మందులు, ఆమెను ఎలా రమ్మంటాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కర్నూలు, కడప రెండు జిల్లాలూ వెతికాను.

మరి ఎందుకు పోవాలనుంది. ఇదే నాకు అంతుపట్టడం లేదు. డబ్బుకని చెబితే రెండు వేల ఆరు వందలు ఎదురు నిలబడి నవ్వుతుంది. మిల్లు అంటే ఏముంది, రేకుల కప్పు, చెవులు గింగిర్లెత్తే మోత, వేయించిన వేరుశెనగ వాసన చీరకు పట్టి రెండు ఉతుకులకు గానీ పోదు. కానీ పదిన్నరకు లారీ వచ్చి ఆగుతుంది, డ్రైవరు లోపలికొచ్చి, సుప్రజమ్మా బిల్లు అంటాడు. నేను రాసిస్తాను. వంద డబ్బాలు, నూట పది డబ్బాలు, రాసిన అంకె రాసినట్టే బయటికి పోతుంది, మళ్ళీ ఏడుస్తూ వెనక్కి రాదు. నాలుగు నెలలుగా దగ్గరివాళ్ళు తప్ప నన్ను పేరుతో పిలిచిన మనిషి లేడు. తిప్పమ్మ తల్లి అనైనా అంటారా అంటే, ఆ మాట కూడా అనకూడదు కదా ఈ ఏడాది. ఒకరోజు బిడ్డ ఎంతకీ ఊరుకోక, స్నానం చేయక, తినక, మూడు గంటలకు అద్దంలో చూసుకుని ఎవరీమె అనుకున్నాను. భయపడి కాదు, నిజంగా పోల్చుకుందామని. అక్కడికి పోతే ఆమె దొరుకుతుందని నా ఆశ. ఇది రామాంజికి చెబితే అర్థం చేసుకుంటాడు, కానీ ఏ గడిలో రాయమంటావు అంటాడు.

అన్ని లెక్కలకూ ఒకే ఒక్క మంచి జవాబుంది, దాన్ని నా చేతులారా చెడగొట్టుకున్నాను. హంపమ్మ. పక్క వాకిలి, మధ్యలో గోడ కూడా సగమే, ఆమెనూ అత్తా అనే పిలుస్తాను. తెల్లవారుజామున లేచి జొన్నరొట్టెలు చేస్తుంది, రోజుకు ఎనభై, పదిహేను రూపాయలకొకటి, పొయ్యి ముందు కూర్చుని చేసేంత సేపూ పక్కన ఒక బిడ్డ పడుకుని ఉంటే ఆమెకు పెద్ద తేడా లేదు. పదకొండో రోజు నుంచీ మా బిడ్డకు రోజూ నీళ్ళు పోసేది ఆమే. సోమవారం సాయంత్రం నేను బాగా ఆలోచించి, ఊరికే చూసుకోమంటే బాగుండదు, కష్టానికి కూలి ఇవ్వాలి కదా అనుకుని, మూడు వేలు కవర్లో పెట్టి ఆమె రొట్టెల గంప మీద పెట్టాను. అత్తా, ఇది మొదటి నెలకు, బిడ్డను పగలు చూసుకునేదానికి అన్నాను. హంపమ్మ కవరు వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది, గంప ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. మంగళవారం నీళ్ళు పోయడానికి రాలేదు, నిన్నా రాలేదు. టీకాలకు నేనొక్కదాన్నే పోయొచ్చాను. నాకు తక్కువ ఇచ్చానేమో అనిపించింది, మూడున్నర చేయనా నాలుగు చేయనా అని కూడా లెక్క వేశాను. అంత తెలివి నాది.

పొద్దున అత్తకు ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. దుడ్లు ఇచ్చినావా అంది అత్త. ఈ పక్క డబ్బును దుడ్లు అంటారు. యాడన్నా ఇస్తారా, అమ్మినోళ్ళు మల్లా దుడ్లిస్తే వాపసు కొన్నట్టే గదా, ఏడాది నిండకముందే కొంటే, అని అక్కడ ఆగిపోయింది. ఆ ఆగిన చోట ఏముందో నాకు తెలుసు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. నమ్మకం లేదని ఎవరితోనైనా వాదిస్తాను. కానీ అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చి బిడ్డెవరిదని అడుగుతారో అని తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను, జ్వరం టీకాదే అని తెలిసీ నుదుటి మీది నుంచి చెయ్యి తీయలేకపోతున్నాను. కాగితంలో ఈ భయానికి ఎంత రాయాలి. కవర్లో మూడు వేలు పెట్టినప్పుడు దీన్ని కొన్నానా. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే చెల్లుతుందా, లేక తీసుకోవడం ఇంకో తప్పా. దీనికి రూలు ఎవరి దగ్గరుంటుందో కూడా నాకు తెలియదు.

పదకొండుకు పదిహేను నిమిషాలుంది. తలుపు తోసుకుని హంపమ్మ వచ్చింది. చేతిలో కవరుంది. నా ఎదురుగా కింద కూర్చుని, బిడ్డ నుదురు చేత్తో తాకి, ఊపిరి వదిలి, కవరు నా పక్కన చాప మీద పెట్టింది.

"ఇది ముట్టుకోలే నేను. గంప మీద నువ్వు పెట్టినావు, నేను గంప ఎత్తుకున్యా గానీ దీన్ని తీసుకోలే. అందుకని నువ్వు కొన్నట్టు గాదు. మీ అత్త రామేశ్వరమ్మకు కూడా ఫోన్ చేసి అదే చెప్పినా."

"తప్పయింది అత్తా. నాకు తెలీదు."

"నీకు తెలీదని నాకు తెలుసు. నాకెందుకు తిక్క లేసిందంటే, నా బిడ్డను సాకేదానికి నేను కూలి తీసుకుంటానా? నలుగురు ఇనరా? రెండు దినాలు అదే ఆలోచన చేస్తాండా." కాగితం వైపు చూపించింది. "అదేమి, లెక్కనా? సదువు."

చదివాను. ఇంకొకరి ముందు పైకి చదువుతుంటే అంకెలు కొత్తగా వినపడ్డాయి. హంపమ్మ ఒక్కో పద్దుకూ సంతలో జొన్నలు బేరం చేసినట్టే బేరం చేసింది. డైపర్లు సగానికి కోసింది, దినామూ రాత్రికెందుకు, నా పాత చీరలుండాయి గదా అంది. పౌడరు ఎందుకు, బిడ్డ ఏమన్నా పెండ్లికి పోతాండాదా అని వంద తీసింది. బట్టల్లో ఇంకో వంద తీసింది. డాక్టరమ్మ మూడు వందల దగ్గర మాత్రం ఆగి, అది ఉండనీ, దాంట్లో తగ్గియ్యొద్దు అంది. నేను కొట్టేసి కొట్టేసి కూడితే పదహారు వందల పదిహేను వచ్చింది. హంపమ్మ వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క పెట్టుకుంది, రొట్టెలు లెక్కపెట్టే లెక్క అది.

"దినానికి మూడు రొట్టెల దుడ్లు నేనిస్తా. కొనుక్కున్నోళ్ళు సాకల్ల గదా, నువ్వే అంతా పెట్టుకుంటే నాదెట్లయితాది? మూడుకంటే నా శాతగాదు సుప్రజా."

మూడు రొట్టెలు నలభై అయిదు, ముప్పై రోజులకు పదమూడు వందల యాభై. చేయి దానంతట అదే రాసేసింది, తర్వాత చేయిని ఆపాను. వద్దు అత్తా, బిడ్డను చూసుకుంటే నువ్వు తిరిగి అమ్మే రొట్టెలే ఇరవై తగ్గుతాయి, దాని మీద ఇది కూడానా అన్నాను. తగ్గితే తగ్గుతాయి అంది. వద్దంటే ఏమవుతుందో నాకు అప్పుడు తోచింది, అమ్మలేదని చెప్పినట్టవుతుంది. మూడు శేర్ల తవుడుకు ఆమె ఇంత కట్టుబడుతుందని ఆ రోజు పేడదిబ్బ దగ్గర నాకు తెలియదు, అత్తకు తెలిసే ఉంటుంది, అందుకే అంతమందిలో ఈమెను వెతికింది. మిల్లులో మధ్యాహ్నం ముప్పై మంది అన్నం డబ్బాలు విప్పుతారు, అందులో సగం మంది రొట్టె తినేవాళ్ళే, పొద్దున షేరాటోలో గంప నా ఒళ్ళో పెట్టుకుని పోతే ఇరవై రొట్టెలు అక్కడే చెల్లుతాయి, రొట్టెకు డబ్బులిస్తే తప్పులేదు కదా, అది వేరే పద్దు. ఎంతోసేపటి నుంచి ఏడుపు వస్తోందని అప్పుడు తెలిసింది.

"పాలకెంత రాసినావు?" అంది హంపమ్మ ఉన్నట్టుండి.

"డబ్బాలకు పద్దెనిమిది వందలు."

"డబ్బా గాదు. నీ పాలకు."

"రాయలేదు అత్తా."

ఆమె కాసేపు నా కాళ్ళ మీది బిడ్డను చూసింది. "రాయొద్దు. అది నేను యాడ తీర్చగలను" అంది.

నా దగ్గరికి జరిగి, తన కాళ్ళు చాచి నా కాళ్ళకు ఆనించి, బిడ్డను మెల్లగా జరుపుకుంది. లేవలేదు బిడ్డ. ఒక్కసారి మూలిగి, కొత్త కాళ్ళ మీద మెడ సర్దుకుని పడుకుంది. నా కాళ్ళలోకి నెత్తురు సూదుల్లాగా దిగింది. ఇంత బరువు పోయాక కాళ్ళు తేలిగ్గా ఉండాలి, ఉండలేదు. ఆ బరువు ఎక్కడుందో చేత్తో తడుముకుని చూశాను. హంపమ్మ దగ్గర బిడ్డ ముఖం ఇంకోలా ఉంది, కొంచెం నల్లగా, కొంచెం పెద్దగా, నిజంగానే ఆమె పోలికలు వెతికితే దొరికేటట్టుగా ఉంది. నాకు అసూయ కలిగింది. ఆ ముఖం మొత్తం నాకే కావాలనిపించింది, ఏ పద్ధతులూ లేకుండా, ఇప్పటికిప్పుడు ఎత్తుకుని కమలాపురం బస్సెక్కి పోవాలనిపించింది. ఎత్తుకోలేదు. తొమ్మిది రోజులవాడు గుర్తొచ్చాడు. వాణ్ణి ఎవరికీ ఇవ్వకుండా మొత్తం నేనే పెట్టుకున్నాను.

ఫోను మోగింది. బిడ్డ ఉలిక్కిపడింది, హంపమ్మ కాళ్ళు రెండుసార్లు ఊపింది, మళ్ళీ పడుకుంది. ఇంకా అయిదు నిమిషాలుండగానే చేశాడు సార్.

"ఏమ్మా సుప్రజా, ఏమనుకున్యావు? వస్తాండావా?"

"వస్తా సార్."

"మంచిది. బిడ్డనెవరు చూసుకుంటారు? మల్లా పది దినాలకు జ్వరమొచ్చిందని ఇంట్లో కూసుంటే నాకు కుదరదు, ముందే చెప్తాండా."

వెనకాల మిల్లు మోత వినిపిస్తోంది. జవాబులు చాలా ఉన్నాయి, ఏది చెప్పినా ఆయనకు చాలు. పక్కింటామె అనొచ్చు, ఆయాను పెట్టుకున్నా అనొచ్చు, అత్త వచ్చిందనొచ్చు. హంపమ్మ తల ఎత్తలేదు, బిడ్డ నుదుటి మీది చెమట కొంగుతో అద్దుతోంది, వింటోంది. వినేది ఆమె ఒక్కతే కాదేమోనని కూడా నాకు అనిపించింది. దగ్గరగా వేసిన తలుపు వైపు చూశాను. నాకు నమ్మకం లేదు. నమ్మకం లేని విషయంలో ఇంత మెల్లగా, ఇంత జాగ్రత్తగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"వాళ్ళమ్మ ఉండాది సార్. ఆమె చూసుకుంటాది."

అక్కడెవరో లారీకి దారి చూపిస్తూ రైట్ రైట్ అంటున్నారు.

"వాళ్ళమ్మంటే? మరి నువ్వెవరమ్మా?"

"నేను ఒకటో తేదీ తొమ్మిదికంతా మిల్లులో ఉంటా సార్" అన్నాను.